కళ్ల మీద హక్కు

దావీదురాజుకు బతికున్నవాళ్లను ఫోటో తీయడమంటే విసుగు. బతికున్నవాళ్లు కదులుతారు. దగ్గుతారు, ఈగను తోలుతారు, కెమెరా మూత తీసిన క్షణానే "అయిపాయనా అప్పా" అని అడుగుతారు. తీరా ఫోటో చేతికిస్తే "నేనింత నల్లగా ఉంటానా" అని మొహం మాడ్చుకుంటారు. చచ్చిపోయినవాళ్లతో ఆ బాధ లేదు. కూర్చోబెడితే కూర్చుంటారు, వెలుగు చాలదంటే చాలేదాకా ఓపిక పడతారు. కడపలో ఆయన ఫోటో కొట్టు నడిచిందే చచ్చిపోయినవాళ్ల దయ వల్ల.

మొదటి యుద్ధం అయిపోయి రెండోది ఇంకా రాని రోజులవి. చుట్టుపక్కల కిరస్తానీ పల్లెల్లో బతికున్నప్పుడు ఫోటో తీయించుకునే జరుగుబాటు ఎవరికుంది? మనిషి పోయాక మాత్రం గుర్తుకొస్తుంది. పెట్టెలో పెట్టకముందే కడపకు కబురు పంపేవాళ్లు. దావీదురాజు కెమెరా పెట్టె, మూడుకాళ్ల కొయ్యా వేసుకుని జట్కాలోనో బస్సులోనో వెళ్లేవాడు. చనిపోయినవాళ్లకు మంచి గుడ్డలు కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, వీపు వెనక పలక ఆనించి, ఒడిలో బైబిలు పెట్టేవాళ్లు. ఒకటే కొరత. కళ్లు మూసుకుని ఉంటాయి.

ఆ కళ్లు తెరిపించడంలోనే ఉంది దావీదురాజు పేరంతా. గాజు ప్లేటు మీద అంతా తలకిందులు. పెన్సిల్ రాసిన చోటు కాగితం మీద తెల్లగా పడుతుంది, కత్తి మొనతో గీకిన చోటు నల్లగా పడుతుంది. మూసిన రెప్ప మీద సన్నగా పెన్సిల్ రాసి, నడుమ కత్తితో గుండ్రంగా గీకితే కన్ను తెరుచుకుంటుంది. చెప్పడానికి ఇంతే. చెయ్యి వెంట్రుకవాసి తప్పినా చచ్చినవాడు మెల్లకన్ను వేసుకుని చూస్తాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆయన తెరిపించిన కళ్లన్నీ ఒకే జత. మద్రాసులో పని నేర్చుకునేటప్పుడు గురువు నేర్పిన జత అది. ముసలాయనకూ అవే, పాలు తాగే బిడ్డకూ అవే. ఎవరూ కనిపెట్టలేదు. ఒక ఇంటి చావు ఫోటో తీసుకెళ్లి ఇంకో ఇంటి చావు ఫోటో పక్కన పెట్టి చూసే తీరిక ఎవరికి మాత్రం ఉంటుంది?

ఆ అలవాటు ఒక్కసారి తప్పింది. వేంపల్లె దగ్గర పల్లెలో ఏసన్న అనే చిన్న రైతు పెళ్లాం విశ్వాసమ్మ ఎండాకాలం జ్వరంతో పోయింది. పెళ్లయి ఇంకా ఏడాది తిరగలేదు. దావీదురాజు వెళ్లేసరికి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి ఉన్నారు. ఏసన్న ఆ కుర్చీ కాళ్ల దగ్గర నేలమీద కూర్చుని, ఏడవకుండా, ఆమెతో ఏదో మెల్లగా చెబుతున్నాడు. పొలంలో ఏ చెక్కలో ఏమి విత్తాలో అడుగుతున్నట్టుంది. ఊళ్లోవాళ్లు చూడలేక మొహాలు తిప్పుకున్నారు.

"కండ్లు తెరిపించన్నా," అన్నాడు దావీదురాజును చూసి. "నన్ను చూస్తా ఉన్నట్ల రావల్ల."

"ఎట్లుండేవప్పా ఆయమ్మ కండ్లు?" అని దావీదురాజు మామూలుగా అడిగాడు. అడగడం మర్యాద, జవాబు ఏదైనా గీసేది ఆ ఒక్క జతే.

ఏసన్న ఆమె మూసిన రెప్పల వైపు చూశాడు. "ఏమి చెప్పేది. నేను మాట్లాడ్తాంటే ఇంటాండేవి."

ఆ మాట దావీదురాజుకు దారి పొడవునా గుర్తొచ్చింది. చెవులు వింటాయి గానీ కళ్లు వినడమేమిటి అని మొదట నవ్వుకున్నాడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, పల్లెలో చూసింది పెళ్లాం జ్ఞానమణికి చెబుతుంటే, నవ్వు ఆగిపోయింది. ఆమె ఎదురుగా కూర్చుని వింటోంది. ఎడమ రెప్ప కుడిదానికంటే కొంచెం బరువుగా వాలి ఉంటుంది ఆమెకు. చెప్పేవాడి మొహం మీదనుంచి చూపు తీయదు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఆ కళ్ల ముందు ఎన్ని కబుర్లు కుమ్మరించాడో, అవి ఎట్లా ఉంటాయో మాత్రం ఆ పూటే చూశాడు.

మరునాడు ఆమెను కిటికీ దగ్గర పీట వేసి కూర్చోబెట్టి, ప్లేటు ముందు పెట్టుకుని, ఆమెను చూస్తూ విశ్వాసమ్మకు కళ్లు పెట్టాడు.

"నా కండ్లు ఆయమ్మకెందుకయ్యా?" అంది జ్ఞానమణి.

"ఊరికే చూసి గీస్తాండా. అరిగిపోతాయా ఏంది?"

"ఆయమ్మకు ఇష్టమో లేదో."

"పోయినోళ్లను యాడ అడిగేది? కదలగాకు."

ఆమె కదల్లేదు. కత్తి మొన గాజు మీద గీకుతుంటే మాత్రం, తన రెప్పల కింద ఇసుక పడినట్టుందని కొంగుతో అద్దుకుంది.

ఆ ఫోటో ఆయన జీవితంలో చేసిన పనులన్నిటిలోకీ గొప్పది. అందులో సందేహం లేదు. ఏసన్న వచ్చి చూసి, గోడకు ఆనుకుని, అట్లాగే కిందికి జారి కూర్చున్నాడు. దుడ్లు ఇచ్చి ఫోటో గుండెకానించుకుని పోయాడు. దావీదురాజు ఇంకో కాపీ వేసి, ఎవరినీ అడగకుండా, కొట్టు ముందరి అద్దాల బీరువాలో పెట్టుకున్నాడు. పోయేవాళ్లు నిలబడి చూసేవాళ్లు. ఎవరో తమ మాట వింటున్నట్టుందని కొందరు అక్కడే నిలబడి సొంత కష్టాలు గొణుక్కునేవాళ్లు కూడా.

నూనెల వ్యాపారి బొజ్జన్న శెట్టి కూడా అట్లాగే నిలబడ్డాడు. ఆయనకో తల తైలం ఉంది. తలనొప్పికీ, నిద్ర పట్టకపోవడానికీ, జుట్టు ఊడటానికీ అన్నిటికీ అదే. సీసా మీద వేయడానికి మద్రాసు అచ్చు కంపెనీ జాబితాలోంచి సీమదొరసాని బొమ్మ ఒకటి కొన్నాడు. అది ఎవరు కొన్నా వాడుకోగల తయారు బొమ్మ. ఏడాది తిరగకముందే అదే దొరసాని బళ్లారివాళ్ల ఎలుకల మందు పొట్లాం మీద నవ్వింది. బొజ్జన్న తైలం కొనేవాళ్లు సీసా వాసన చూసి మరీ కొనడం మొదలుపెట్టారు.

"ఎవరి దగ్గరా ఉండని మొగం కావల్ల నాకు, రాజూ," అన్నాడు బొజ్జన్న. "ఈయమ్మ నచ్చింది. చూస్తాంటేనే తలనొప్పి తగ్గినట్లుండాది."

"ఇది చావు ఫోటో, శెట్టీ."

"కండ్లు తెరిచుండాది గదప్పా. ఎవరికి తెలుస్తాది?"

అచ్చు కంపెనీవాళ్లు ఇట్లాంటి వాటికి ఒక పద్ధతి పెట్టారని ఆయనే వివరంగా చెప్పాడు. ఒక్క ఏడాది క్యాలెండరుకు మాత్రం అనుమతి ఇవ్వొచ్చు. సీసాలకూ, బోర్డులకూ, అన్నిటికీ ఎల్లకాలం ఇచ్చేయొచ్చు. ఏదైనా సరే, ఇచ్చేవాడికి హక్కుండాలి. దుడ్లిచ్చి తీయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఫోటో వాళ్లదవుతుందట, తీసినవాడిది కాదట, అదీ చెప్పాడు. తనకు ఏడాది చాలన్నాడు.

బొజ్జన్న గడుసువాడే గానీ ఆ పూట అంతా నిజమే చెప్పాడు. తప్పంతా దావీదురాజుదే. ప్లేటు నాది, గీసిన చెయ్యి నాది, ఇంక ఏసన్నను అడిగేదేముంది అనుకున్నాడు. కళ్లు ఎవరివన్న ఆలోచన అసలే రాలేదు. శ్రీశైలం యాత్ర దారి మొదలు రాజంపేట అంగళ్లదాకా తన పనితనం వేలాడుతుందన్న ఊహకు ఒళ్లు పొంగింది. "ఏడాదెందుకు శెట్టీ, ఎల్లకాలం పెట్టుకో," అని తానే అని, సంతకం తానే ముందుకొచ్చి చేశాడు.

క్యాలెండర్లు వచ్చాయి. రంగులద్దారు, విశ్వాసమ్మ చీరకు ఎర్రంచు వచ్చింది, ఒడిలో బైబిలు పోయి తైలం సీసా వచ్చింది. కళ్లు మాత్రం ముట్టుకోలేదు.

ఆ నెలలోనే జ్ఞానమణి చేటలో బియ్యం చెరుగుతూ ఆగిపోయి, "ఎవరో చూస్తాండారయ్యా," అంది. దావీదురాజు వీధి తలుపు చూశాడు. ఎవరూ లేరు. ఆమె కూడా తలుపు వైపు చూడటం లేదు. ఎటూ చూడటం లేదు.

తర్వాత తర్వాత ఆమె చూసేవి చెప్పడం మొదలుపెట్టింది. పసుపు మూటలున్న అంగడి. గల్లాపెట్టె వెనక మెడ మీద కాలిన మచ్చతో ఒకాయన. ఆయన ఎవరూ లేనప్పుడు తక్కెడలో సరుకు పెట్టే పళ్లెం అడుగున ఏదో మెత్తుతాడు, మెత్తి తలెత్తి తనను చూస్తాడు. ఇంకో చోట బండల గోడ, జొన్నరొట్టెలు కాల్చే ముసలామె. ఇంకెక్కడో మంగలి అంగడి, గడ్డం గీయించుకునేవాళ్లంతా తన వైపే తిరిగి కూర్చుంటారు. చెబుతున్నప్పుడు ఆమె గొంతులో భయం ఉండేది కాదు. బజారుకు పోయివచ్చి ఏమేమి చూసిందో చెప్పినట్టు చెప్పేది. దావీదురాజుకు అదే ఎక్కువ భయం వేసింది.

రాజంపేటలో పెళ్లి ఫోటోలకు పిలుపొస్తే వెళ్లాడు. పని ముగించుకుని బజారులో నడుస్తుంటే పసుపు వాసన కొట్టింది. మూటల వెనక గల్లాపెట్టె, దాని వెనక మెడ మీద కాలిన మచ్చతో ఒకాయన. ఆయన తల మీదుగా, దూలానికి, విశ్వాసమ్మ. దావీదురాజు గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఎర్రంచు చీర, తైలం సీసా, ఆ నడుమ తన పెళ్లాం చూపు. అన్నం పెట్టి ఎదురుగా కూర్చున్నప్పుడు చూసే చూపే. ఆయన ఎందుకు చేశాడో ఆయనకే తెలీదు, టోపీ తీసి చేతిలో పట్టుకుని, చర్చిలో నిలబడినట్టు తల వంచాడు.

"ఏం కావల్లప్పా?" అన్నాడు అంగడాయన. ఏమీ వద్దని వచ్చేశాడు.

ఇంటికి వచ్చేసరికి జ్ఞానమణి పొయ్యి ముందుంది. వెనక్కి తిరగకుండానే అడిగింది. "టోపీ తీసి నా ముందర తల వంచుకుంటివే, ఎందుకయ్యా? ఏమన్నా తప్పు చేసినావా?"

ఆయన వచ్చి పొయ్యి పక్కన కూర్చున్నాడు. "కండ్లు మూసుకుంటే పోదా?" అన్నాడు.

"మూసుకుంటా. ఇవి మూతపడ్తాయి. ఆయమ్మవి పడవు గదా. నువ్వు మూతపడేటట్ల గీయకపోతివి."

ఆమెకు నిద్ర లేకుండా పోయింది. కళ్లు నిప్పుల్లా అయ్యాయి. అన్ని చోట్ల చూసి చూసి ఉన్న చోట చూపు ఆనడం మానేసింది. చెంబులో పోసే నీళ్లు చెంబు పక్కన పోసేది. భర్తను పట్టుకోబోయి గాలిని పట్టుకునేది. ఆసుపత్రిలో దీపం పెట్టి చూసిన డాక్టరు కళ్లలో జబ్బేమీ లేదన్నాడు. బొజ్జన్న సీసాలు కొత్త ఊరికి పోయినప్పుడల్లా ఆమెకు ఇల్లు ఇంకొంచెం మసకబారేది. ఇట్లా ఇంకో ఏడాది సాగితే ఆమె ఊరూరా చూస్తుంది, తన మొగుడి మొహం తప్ప. ఇది దావీదురాజుకు స్పష్టంగా తెలిసిపోయింది.

బొజ్జన్న కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. బొజ్జన్న చెడ్డవాడేం కాదు, తలపట్టుకున్నాడు. "మద్రాసుకు ఏమని రాసేదప్పా? ఫోటో తీసినాయన పెండ్లాం కండ్లు నొస్తాండాయనా? ఏడాది చాలు అంటే ఎల్లకాలం అంటివి. నీ సంతకం నమ్మి నా సరుకంతా ఊర్లకు పోయె."

"ఏదన్నా దారి చెప్పు శెట్టీ."

"దారంటే ఒకటే. ఆ పొద్దు చెప్తి గదా, తీయించుకున్నాయనది హక్కని. ఆయప్ప వొద్దంటే నీ సంతకానికి విలువ ల్యాదు. నేను ఆపాల్సిందే. ఆయప్పను పట్టుకో."

ఏసన్నను చూడటానికి వేంపల్లె బస్సెక్కిన దావీదురాజుకు దారంతా ఒకటే బెంగ. దుడ్లు ఇచ్చి తీయించుకున్నవాడికి చెప్పకుండా వాడి పెళ్లాన్ని సీసాల మీద అతికించి, ఇప్పుడు ఆ సీసాల మీదనుంచి తీయించడానికి వాడినే సాయం అడగాలి. కొడతాడేమో అనుకున్నాడు. కొట్టినా మంచిదే అనుకున్నాడు.

ఏసన్న ఇల్లు ఊరికి చివర, పాపఘ్ని ఇసుకకు ఈ పక్క. మిట్టమధ్యాహ్నం. తలుపు దగ్గరగా వేసి ఉంది, లోపల ఏసన్న గొంతు వినిపిస్తోంది. శనక్కాయ చేలో కలుపు గురించి, నీళ్లు దిగిపోయిన బావి గురించి, నిదానంగా, పక్కన కూర్చున్న మనిషికి చెప్పినట్టు. నడుమ నడుమ ఆగుతున్నాడు. జవాబు లేకపోయినా జవాబు ఉన్నంతసేపు ఆగుతున్నాడు.

దావీదురాజు తలుపు తోశాడు. గోడల నిండా కళ్లే. క్యాలెండర్లు, సీసాల లేబుళ్లు, అంగట్లో తగిలించే అట్టలు, కింద నేలనుంచి పైన బోద కప్పుదాకా అన్నం మెతుకుల జిగురుతో అతికించి ఉన్నాయి. నడుమ అద్దం కట్టిన అసలు ఫోటో. అన్నిట్లోంచీ జ్ఞానమణి ఆయన్ను చూసింది. ఎన్ని మొహాలో అన్నిసార్లు చూసింది. ఆయన గడప మీదే కూర్చున్నాడు.

"రాన్నా," అన్నాడు ఏసన్న ఆశ్చర్యపోకుండా. చెంబుతో నీళ్లిచ్చాడు. "అంగట్లో యాడ కనపడితే ఆడ అడిగి తెచ్చుకుంటాండా. ఇయ్యకపోతే తైలం కొంటాండా. తలకు రాసుకునేది లేదు, పారబోస్తా."

దావీదురాజు నీళ్లు తాగలేదు. చెప్పాల్సిందంతా చెప్పేశాడు. అడగకుండా అమ్మింది, సంతకం, జ్ఞానమణి చూపు పోతున్నది. చివరికి అతి కష్టం మీద అసలు మాట. "ఆ కండ్లు మీ ఆయమ్మవి కాదప్పా. నా భార్యవి. చూసి గీసినా."

ఏసన్న గోడ వైపు చూశాడు. "తెల్సన్నా."

"తెల్సా?"

"మా విశ్వాసమ్మకు ఒక కంట్లో పువ్వు ఉండేది. తెల్లగా, సగ్గుబియ్యం మాదిరి. నాకు దాన్ని చూస్తే ముద్దొచ్చేది. ఫోటో చూసిన పొద్దే అనుకుంటి, ఇవి ఆయమ్మవి కావని." ఆగి, మళ్లీ అన్నాడు. "అయినా ఇంటాండాయి గదన్నా. ఎవరివైతే ఏమి, ఇంటాండాయి."

ఆ మాటకు దావీదురాజు ఏడ్చాడు. ఏడుపు ఎవరి కోసమో తేల్చుకోలేకపోయాడు. ఏసన్న ఆయన్ను ఏడవనిచ్చాడు. తర్వాత నెమ్మదిగా కోపం చూపించాడు. గొంతు మాత్రం పెరగలేదు.

"నన్నొక మాట అడిగింటే సరిపోయేది. మా ఆడమనిషిని దూలాలకు వేలాడేసినారు. మంగలి అంగట్లో కూడా ఉండాది. నేను సీసా మీద సీసా కొంటా ఉంటి, ఎవరన్నా అడిగినారా, ఏమప్పా నీకిష్టమేనా అని? హక్కు నాదంట. నాకే తెల్దు."

"తప్పయిపాయ, ఏసన్నా."

"వేలిముద్ర ఎయ్యి అంటే ఏస్తా. బజార్లో ఉండేవన్నీ తీపించు." చెయ్యి తుడుచుకున్నాడు. దావీదురాజు చూపు గోడ మీదికి పోవడం గమనించి, లేచి ఆ గోడకు అడ్డంగా నిలబడ్డాడు. "ఇవి మాత్రం ఇయ్యను. నువ్వు అడగగాకు."

దావీదురాజు అడగలేదు. అడిగే మొహం లేదు. బయటికొచ్చి బస్సు కోసం ఎండలో నిలబడితే, మూసిన తలుపు వెనక ఏసన్న గొంతు మళ్లీ మొదలైంది. ఈసారి తన గురించే చెబుతున్నాడు. ఎవరో వచ్చారని, పాపం ఏడ్చారని.

బొజ్జన్న మాట నిలబెట్టుకున్నాడు. కొత్త లేబులు మీద నెమలి బొమ్మ వేయించాడు. పాతవి పోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది. అంగడివాళ్లు ఏడాది మారాక పాత క్యాలెండరు తీసి పొట్లాలు కట్టేవాళ్లు, సీసాలు అయిపోతే పిల్లలు లేబుళ్లు గీకేసేవాళ్లు. ఒక్కొక్కటీ పోయినప్పుడల్లా జ్ఞానమణి చెప్పేది. "రాజంపేట పసుపంగడి పోయిందయ్యా." "జొన్నరొట్టెల అవ్వ పోయింది, పొయ్యిలో పెట్టింది నన్ను. కాలలేదులే, వెచ్చగా ఉండె అంతే." చెంబులోకి నీళ్లు సరిగ్గా పడటం మొదలైంది. ఒక పొద్దున ఆమె ఆయన చెంప మీద చెయ్యి వేసి, "నెరిసినావే," అంది. అన్నాళ్లలో తన మొహం ఆమెకు కనపడింది ఆ రోజే. దావీదురాజు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాడు.

చివరికి ఒక్క ఇల్లు మిగిలింది.

మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి ఆమె పని పక్కన పెట్టి గోడ వైపు తిరిగి కూర్చునేది. ఏమీ చెప్పేది కాదు. ఒక్కోసారి నవ్వేది, ఒక్కోసారి కళ్లలో నీళ్లు తిరిగేవి. పూటంతా అట్లాగే ఉండి, తర్వాత లేచి పొయ్యి ముట్టించేది. దావీదురాజు ఓర్చుకున్నంత కాలం ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనప్పుడు, పోయి ఆ గోడలన్నీ గీకేసి వస్తానన్నాడు. ఇక్కడ ప్లేటు పగలగొట్టి, అక్కడ కాగితాలు కాల్చేస్తే పీడ వదులుతుందన్నాడు.

"ఎవర్నడిగి?" అంది జ్ఞానమణి.

"ఆయప్పను మళ్లా అడుగుతా. బతిమాలుకుంటా."

"ఫోటో ఆయనది. కండ్లు నావి. అమ్మేటప్పుడు నన్నడగకపోతివి. తీసేసేటప్పుడన్నా అడగవా?"

ఇంత కాపురంలో ఆమె ఆయన్ను నిలదీసింది ఆ ఒక్కసారే. దావీదురాజు పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "సరే. అడుగుతాండా. ఏం చేయమంటావు?"

బొజ్జన్న చెప్పిన పద్ధతులన్నీ ఆమె ఆ రోజు కొట్టుకు అన్నం తెచ్చి, తలుపు వెనకనుంచి విన్నదే.

"అంగట్లో వద్దు. సీసాల మీద వద్దు. ఎవరికీ అమ్మేది లేదు, ఇచ్చేది లేదు," అంది. "ఆ ఇంట్లో మాత్రం ఉండనీ. ఆయన బతికున్నన్నాళ్లు. మనిషి ఒక్కడే ఉండాడయ్యా ఆడ. ఎవరో ఒకరు ఇనల్ల గదా."

ఆమెకు ఇష్టమైతే తానేం అంటాడు? అడిగింది తానే కదా. ప్లేటు గుడ్డలో చుట్టి పెట్టె అడుగున పెట్టేశాడు. ఆ తర్వాత ఎవరు ఎంత బతిమాలినా చచ్చిపోయినవాళ్లకు కళ్లు తెరిపించలేదు. మూసినవి మూసినట్టే తీసిచ్చేవాడు. పల్లెలవాళ్లు పొద్దుటూరులో ఇంకొకాయన దగ్గరికి పోయారు. కొట్టు సన్నగిల్లింది. బతికున్నవాళ్ల ఫోటోలు తీసుకుంటూ, వాళ్ల దగ్గులూ ఈగలూ భరిస్తూ, రెండో యుద్ధం కూడా దాటేశాడు. ఏసన్న మళ్లీ పెళ్లి చేసుకోలేదని, ఊళ్లోవాళ్లు పిచ్చోడంటారని, మనిషి మాత్రం హాయిగా ఉన్నాడని వేంపల్లెనుంచి వచ్చేవాళ్లు చెప్పేవాళ్లు. దావీదురాజుకు ఆ హాయి మీద మండేది. మండుతోందని తనకు తాను ఒప్పుకోవడానికి కూడా సిగ్గుపడేవాడు.

ముసలితనంలో ఒక మిట్టమధ్యాహ్నం కొట్లో ఉండగా ఆయనకు గుండెలో పట్టేసినట్టయింది. చెమటలు కారుతుంటే ఇంటికి నడిచి వచ్చాడు. దారిలో ఆయనకు చావు భయం కంటే ఇంకోటి ఎక్కువైంది. జ్ఞానమణితో ఒక్క మాట చెప్పాలి. ఆ కళ్లను అందరికీ చూపించాలనుకున్నాను గానీ, నాకెంత అవసరమో నీకెప్పుడూ చెప్పలేదు అని. మాటలు కూడా సిద్ధం చేసుకున్నాడు.

ఆమె గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. ఆయన వెళ్లి ఆమెకూ గోడకూ నడుమ నేలమీద కూర్చుని, ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "మణీ," అన్నాడు.

ఆమె చూపు ఆయన మొహం మీదే ఉంది. ఎడమ రెప్ప కొంచెం వాలి, అచ్చం వింటున్నట్టే ఉంది. కానీ ఆ చూపు ఆయన దగ్గర ఆగడం లేదు. ఆయన్ను దాటి ఎక్కడికో పోతోంది.

"కొంచెం ఆగయ్యా," అంది మెల్లగా, ఎవరి మాటకో అడ్డు రాకూడదన్నట్టు. "ఆయన ఇంకా చెప్తాండాడు."

దావీదురాజు ఆమె చేతులు వదల్లేదు. నొప్పి భుజందాకా పాకుతుంటే, తన వంతు కోసం కూర్చున్నాడు.